పచ్చగేటు ముందు జనాజా

మీర్వలీ చేసిన ద్రోహం ఏ కోర్టూ వినదు. అందుకే మీకు చెబుతున్నాను, మూటలు మోసేవాళ్లకీ, కాలేజీ పిల్లలకీ. అతను మా బజారు వీధికి పెద్ద. మేమే చేతులెత్తి ఎన్నుకున్నాం. పెళ్లికి పలావు వండే డేగిసాలు, చావుకి కావలసిన పాడె, నీళ్ల చెంబులు, అన్నీ అతని కొట్టంలోనే ఉండేవి. కాబట్టి ఎవరింట్లో ఏం జరిగినా ముందు అతనికే చెప్పుకునేవాళ్లం. ఎవరి కొడుకు పనికోసం రష్యా పోయాడు, ఎవరి అల్లుడు తాగి ఏం కూశాడు, అన్నీ. మేం చేసిన తప్పు అదే.

ప్రభుత్వ భద్రతవాళ్లు మా తెరక్‌బాద్‌కి తుపాకులతో రాలేదు. మొదట తోలుకోటు వేసుకున్నవాడొకడు వచ్చి టీకొట్టు మూలన కూర్చున్నాడు. పచ్చటీ తాగుతాడు, మాట్లాడడు. మాతో మూటలు మోసే ఎర్గాష్ నవ్వాడు. "పాపం, ఇంట్లో పెళ్లాం రానివ్వదేమోరా." మేమూ నవ్వాం. తర్వాత మీర్వలీ ఇంట్లో కొత్తగా ఫోను పెట్టారు. ఆ తర్వాత బజారు చివర పాత దూది గోదాముకి పచ్చగేటు పెట్టి, కిటికీలకు ఇనుప చువ్వలు బిగించారు. నమాజు ఎక్కువ చేసేవాణ్ణి తీసుకుపోయారు. అసలు చేయని మాస్టారినీ తీసుకుపోయారు. ఇద్దరూ దేశద్రోహులేనట. ఇద్దరి గురించీ మేం మీర్వలీతో చెప్పుకున్నవే అక్కడ చదివి వినిపించారట.

ఆ గేటు కప్తాను బావమరిది, బజారులోకి వచ్చే ప్రతి బండి దగ్గరా కప్పం గుంజడం మొదలుపెట్టాడు. ఎర్గాష్ వీపు మీది ఉల్లిపాయల మూట దించి, దాని మీదెక్కి నిలబడ్డాడు.

"ఈ బజారు మన వీపుల మీద నడుస్తోంది. వీపు దించితే ఏం చేస్తారు వీళ్లు?"

"దించేద్దాం!" అన్నాం.

ఆ వారం బజారులో ఒక్క మూట కదల్లేదు. ఆ వారంలోనే ఎర్గాష్‌ని పచ్చగేటు మింగేసింది.

కొన్నాళ్లకి, మంచు కురిసిన ఒక పొద్దున, వాళ్లింటి ముందు లారీ ఆగింది. టార్పాలిన్‌లో చుట్టి తాళ్లతో కట్టిన శవాన్ని గుమ్మంలో దింపారు.

"గుండె ఆగిపోయింది," అన్నాడు కప్తాను. "కట్లు విప్పొద్దు. నలుగురు మోసుకుపోయి పూడ్చండి. పాడె వెనకాల ఐదోవాడు కనిపించాడో, గుంపు కట్టినట్టే. గుంపుని కాల్చమని నాకు పైనుంచి ఉత్తర్వులున్నాయి."

ఎర్గాష్ తల్లి జుల్ఖుమార్ గడప మీదే నిలబడింది. "మూటలు మోసినవాణ్ణి మూట కట్టి పంపించారా నాయనా?" అంది. కప్తాను జీపెక్కాడు. జీపు వీధి మలుపు దాకా పోయి ఆగింది.

మీర్వలీ వచ్చాడు. "తొందరగా కానివ్వండి. వీధి పాడె ఇవ్వడానికి లేదు. పైవాళ్ల మాట."

శవాలు కడిగే హమ్దం తాత చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు. "నీళ్లు తగలని శవాన్ని నేను మట్టిలో పెట్టను. మీర్వలీ, మీ నాన్నని కడిగింది నేనే. నిన్నూ నేనే కడగాలి."

"బెదిరిస్తున్నావా ముసలోడా?"

"లేదు బాబూ. మాటిస్తున్నా."

మీర్వలీ జీపు వైపు పోయాడు. మేం తాళ్లు కోశాం. తాత కడుగుతుంటే నీళ్లు పోసింది నేను. కడిగినవాడు చూసింది బయటికి చెప్పకూడదు, అది మా ఆచారం. ఆ రోజు తాత ఆచారం తప్పాడు. గట్టిగా, పెరట్లో అందరికీ వినబడేలా చెప్పాడు. "వేళ్లకి గోళ్లు లేవు. అరికాళ్లు కాల్చారు. వీపు మీద ఇస్త్రీపెట్టె వాత ఉంది. ఇది గుండె ఆగిన చావు కాదు." ఆడవాళ్ల ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది.

ఎర్గాష్ మేనల్లుడు నోజిమ్, కాలేజీ కుర్రాడు, లేచాడు. "బ్యానర్లు కట్టుకుని అందరం పోదాం!"

"నీకేం, పెళ్లామా పిల్లలా?" మాంసం కొట్టు తుర్దీ అరిచాడు. "కాలిస్తే నా కొట్టు మీ బాబు నడుపుతాడా?"

"అయితే దొంగసొత్తు పాతినట్టు పాతేద్దామా మామా?"

"బతికున్నవాళ్ల సంగతేంట్రా మరి?"

చొక్కాలు పట్టుకున్నారు. జుల్ఖుమార్ మధ్యలోకొచ్చింది. "ఆపండి. వాళ్లు చెప్పినట్టే నలుగురే ఎత్తండి. వెనక ఎవరూ రావద్దు. కానీ పాడె ఎదురైతే దారిన పోయేవాడు ఏడడుగులు భుజం పట్టకుండా పోతాడా? మన వీధిలో ఎవడు పోయాడు అలా? కాబట్టి వెనక నడవకండి. ఎదురుపడండి."

తుర్దీ చొక్కా వదిలేశాడు. ఆడవాళ్లు గోడల మీదుగా, రొట్టెల పొయ్యిల దగ్గర ఆ మాట దాటించారు. పాడె లేదు కాబట్టి మేం లారీలకి మూటలెక్కించే పొడవాటి బల్ల తెచ్చాం. దాని మీద పడుకోబెట్టి, వాడి దూది కూరిన కోటు కప్పి జనాజా ఎత్తాం. ముందు కుడివైపు నేను.

మలుపులో రొట్టెలవాడు ఎదురొచ్చాడు. నా భుజం తీసుకున్నాడు. తర్వాత మంగలి. తర్వాత గడియారాలు బాగుచేసేవాడు. బల్ల కింద ఎప్పుడు చూసినా నలుగురే. కప్తాను జీపు పక్కనే పాకుతోంది.

"ఏయ్, నువ్వెవడివి?"

"దారిన పోతున్నా సార్."

"నువ్వు?"

"నేనూ అంతే సార్."

"ఊరంతా ఒకేసారి ఎక్కడికి పోతున్నార్రా?"

"బజారు కదా సార్. పోతూ ఉంటాం."

భుజం దించినవాళ్లు ఇళ్లకి పోలేదు. గోడల వారన నిలబడ్డారు, కొట్ల కప్పులెక్కారు. శ్మశానానికి ఎడమకి తిరగాలి. బల్ల కుడికి తిరిగింది. ఎవరు తిప్పారో నాకిప్పటికీ తెలీదు. పచ్చగేటు ముందు దింపారు.

మట్టి చేసేముందు ఇమాము జనాన్ని అడగాలి, పోయినవాడు ఎలాంటివాడని. మా ఇమాము మీర్వలీ వైపు చూశాడు. మీర్వలీ కప్తాను వైపు చూశాడు. ఇమాము ఒక అడుగు వెనక్కి వేశాడు. హమ్దం తాత ముందుకొచ్చాడు.

"ఎలాంటివాడయ్యా ఈ ఎర్గాష్?"

గేటు దగ్గరి సైనికులు తుపాకులెత్తారు. "నోరు తెరిచినవాడు ఈ గేటు లోపలికే పోతాడు," అన్నాడు కప్తాను.

అయినా తుర్దీయే ముందన్నాడు. "మంచివాడు."

"మంచివాడు!" అన్నాను నేను. అంతే, గోడలన్నాయి, కప్పులన్నాయి, బజారంతా అంది. అప్పుడు చువ్వల కిటికీల వెనక నుంచి, చచ్చిపోయారని మేం అనుకున్నవాళ్ల గొంతులు వచ్చాయి. "మంచివాడు! మంచివాడు!" గాల్లోకి కాల్చారు. ఒక్కడూ కదల్లేదు. కప్తానుకి ఏం చేయాలో తోచలేదు. మేం బల్ల ఎత్తుకుని శ్మశానం దాకా పోయి, ఎర్గాష్‌ని మా చేతులతో మట్టి చేశాం.

మర్నాడు మీర్వలీ ఇల్లిల్లూ చూపించాడు. నన్నూ, తుర్దీనీ, తాతనీ తీసుకుపోయారు. తాత తిరిగి రాలేదు. విచారణలో ఒకటే ప్రశ్న, కొట్టి కొట్టి ఒకటే. "ఎవడు పిలిచాడు మిమ్మల్ని?" ఎవరి పేరు చెప్పాలి? దారిన పోతున్నామని అందరం ఒకటే చెప్పాం. నాకు ఆరేళ్ల జైలు వేశారు, ఉన్న కాస్త ఆస్తీ జప్తు చేశారు.

తిరిగొచ్చేసరికి శ్మశానానికి వేరే దారి వేసి ఉంది, పచ్చగేటుకి దూరంగా. ఆ దారిలో ఒక్క పాడె కూడా పోదు. జ్వరంతో పోయిన ముసలమ్మనైనా సరే ఇటే తెచ్చి, దింపి, అడుగుతారు. లోపలివాళ్లు కూడా జవాబిస్తారు. సైనికుల్లో కొందరు తుపాకీ పక్కనపెట్టి భుజం పడుతున్నారు. నన్ను చూసి జాలిపడేవాళ్లూ ఉన్నారు. వాళ్ల జాలి నాకొద్దు. మీ వీధిలోనూ ఒక పచ్చగేటు ఉండే ఉంటుంది, అక్కడికి పొండి. ఇక నా నుంచి వాళ్లు జప్తు చేసుకున్నదంటారా, కాలువ కింద పద్దెనిమిది సెంట్ల తోట, తొమ్మిది ఆప్రికాట్ చెట్లతో సహా.