నీటికోళ్ళు బెదరని గొంతు

“రాత్రి నిద్ర పట్టిందా నీకు?” అని అడిగాడతను. జమ్ముగడ్డి పక్కన మేస్తున్న నీటికోళ్ళు ఒక్కసారిగా టపటపలాడుతూ చెరువు అవతలి గట్టుకు పారిపోయాయి. మళ్ళీ గట్టిగా అనేశాడన్నమాట. పంట్లాం మడిచి, చెప్పుల మీద కూర్చొని, అవి తిరిగొచ్చేదాకా ఎదురుచూశాడు.

ఇనప డ్రమ్ములకు సొట్టలు తీసే కార్ఖానాలో అతని వయసంతా గడిచింది. సుత్తి కింద ఇనుము అరుస్తుంటే మనిషి అంతకన్నా గట్టిగా అరవాలి. అక్కడివాళ్ళు ఏం చెప్పాలన్నా ఎదుటివాడి భుజం పట్టుకొని చెవిలో కేకేస్తారు. ఇంటికెళ్ళినా చెయ్యి భుజం మీదికే పోతుంది, నోటినుంచి కేకే వస్తుంది. అలాంటివాళ్ళే అతనికి మైకు అని పేరు పెట్టారంటే ఇక చూసుకోండి.

పెళ్ళైన కొత్తలో ఓ రాత్రి భార్య చెవి దగ్గర చేరి, “నీకు నేను నచ్చానా?” అని గుసగుసగా అడిగాననుకున్నాడు. “నచ్చావులేవయ్యా, ఇక పడుకో!” అని పక్కింటాయన జవాబిచ్చాడు. ఆవిడ ఆ ముచ్చట తలుచుకొని ఏళ్ళ తరబడి నవ్వింది. గోడలకు చెవులుంటాయంటారు, మా ఇంటి గోడలకు ఎప్పుడో చెవుడొచ్చేసుంటుంది అనేది.

ఇప్పుడు ఆవిడ నవ్వడం లేదు. తలలో గడ్డ లేచింది. కోతకు లొంగదు, ఇక ఎక్కువ రోజులు లేవన్నారు డాక్టర్లు. చిన్న చప్పుడైనా తలలో మేకు దిగినట్టు విలవిల్లాడుతోంది. చూసుకోవడానికి వచ్చిన కూతురు మొదటి వారంలోనే గది తలుపు దగ్గరికి వేసింది.

“నాన్నా, మీరు వసారాలోనే ఉండండి. మీరు పలకరిస్తే అమ్మ తల పట్టుకొని ఏడుస్తోంది” అంది, తనూ ఏడుస్తూ.

అతను కోప్పడలేదు. కానీ కట్టుకున్న మనిషిని పలకరించడానికి పనికిరాని గొంతు ఉంటేనేం, పోతేనేం అనిపించింది. ఆ బాధతోనే ఈ గట్టుకొచ్చి బావురుమన్నాడు. అప్పుడూ పిట్టలన్నీ లేచిపోయాయి.

ఆ రోజు నుంచి కార్ఖానాకు వెళ్ళే ముందు ఇక్కడికొచ్చి మాట్లాడటం నేర్చుకుంటున్నాడు. ఈ వయసులో అదేమంత తేలిక కాదు. ముందు ఊరికే కూర్చోవాలని తెలిసింది. గాలికి జమ్ము కదిలే చప్పుడు వింటూ కూర్చుంటే చెవుల్లో సుత్తి మోత మెల్లగా తగ్గేది. అది తగ్గాకే అర్థమైంది, ఇన్నాళ్ళూ తను ఎదుటివాళ్ళతో కాదు, ఆ మోతతో పోటీపడి అరుస్తున్నానని. ఊపిరి సగం వదిలేశాక మిగిలిన సగంతోనే మాట్లాడాలి. మాట తరవాత మాటకు తొందరపడకూడదు. నీటికోడి ఒక్కో అడుగూ ఎలా వేస్తుందో అలాగన్నమాట.

పిట్టలు తిరిగొచ్చాయి. “రాత్రి నిద్ర పట్టిందా నీకు?” అని మళ్ళీ అడిగాడు. ఒక నీటికోడి మెడ ఎత్తి చూసింది. ఎర్రటి ముక్కు అటూ ఇటూ తిప్పింది. మళ్ళీ మేతలో పడింది. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకా చాలా కబుర్లు చెప్పాడు, ఒక్కటీ ఎగరలేదు.

పడవలో వల సర్దుకుంటున్న ముసలాయన చూసి, “ఏం మైకూ, ఇవాళ కరెంటు పోయిందా?” అన్నాడు. అతను నవ్వి చెయ్యి ఊపాడు.

సంపాదించుకున్న ఆ గొంతు ఎక్కడ పోతుందోనని కార్ఖానాలో రోజంతా నోరు విప్పలేదు. కావలసినవి సైగలతోనే అడిగాడు. “ఏరా, పెళ్ళాం నోరు కట్టేసిందా?” అని ఫిట్టరు చెవిలో అరిచాడు. దానికీ తలే ఊపాడు.

సాయంత్రం కూతురు పొయ్యి దగ్గర ఉంది. “అమ్మా, ఒక్కసారి లోపలికి వెళ్ళనా?” అన్న మాట విని ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగింది. కాసేపు తండ్రి మొహంకేసి చూసింది. తనే వెళ్ళి తలుపు తీసింది.

భార్య చెవుల్లో దూది పెట్టుకొని పడుకొనుంది. అతను మంచం పక్కన నేలమీద కూర్చొని చెరువు సంగతి చెప్పసాగాడు. పొద్దున్నే నీళ్ళు ఎలా పొగలుగక్కుతాయో, నల్లటి బొచ్చున్న నీటికోడి పిల్లలు తల్లి వెనకే ఎలా ఈదుతాయో. ఆవిడ నుదురు ముడిపడలేదు. అతని పెదాలనే చూస్తూ, ఒక చెవిలోంచి దూది తీసింది. తరవాత రెండో చెవిలోంచీ తీసింది.

“ఇదేం గొంతండీ! ఎవరో కొత్తాయన వచ్చాడనుకున్నా” అంది. “మళ్ళీ చెప్పండి. మొదట్నించీ.”

మొదటినుంచీ చెప్పాడు. కబురు ముసలాయన పడవ దగ్గరికి వచ్చేసరికి తన చేతిలో ఉన్న ఆవిడ చెయ్యి బరువెక్కింది. ఊపిరి ఆగిందని తెలిసింది. కబురు సగంలో ఆపబుద్ధి కాక, పడవ గట్టు చేరేదాకా అదే గొంతుతో చెప్పి ముగించాడు. ఆ తరవాతే కూతుర్ని పిలిచాడు, అప్పుడూ మెల్లగానే.

తలగడ పక్కన స్టూలు మీద, ఆవిడ చెవుల ఒంపు ఇంకా పోని రెండు దూది ఉండలు ఉన్నాయి.