గొంతు తగ్గించు

ఉప్పల్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి ఉప్పు చూడటమే నా ఉద్యోగం. ఆదివారం చర్చి నుంచి రాగానే రొయ్యల కూర పొయ్యెక్కించాను. చెంచాడు పులుసు నాలుకకు తగిలిందో లేదో, మెడ నిండా దద్దుర్లు. రొయ్య నాకు పడదు. మా ఆయన క్రిస్టోఫర్‌కు రొయ్య లేని ఆదివారం పడదు. "నువ్వు తినకు, ఉప్పు మాత్రం సూడు" అంటాడు. ఆ 'మాత్రం' కోసమే పన్నెండేళ్లుగా వారానికో మాత్ర మింగుతున్నాను. దాని మగత సోమవారం దాకా దిగదు. మల్లాపూర్‌లో పనికి పోయినచోట ఓసారి కుట్టుమిషన్ ముందు కునికితే సూది వేలిలోకి దిగింది. "ఇది మత్తు గోలీ అక్కా, ఏస్కొని మిషన్ మీద కూసోకు" అని మందుల షాపు చాందిని ముందే చెప్పింది. ఇంట్లో ఆయనకు చెబితే "గోల జెయ్యకు, గోలీ ఏస్కో" అన్నాడు.

ఈసారి పెదవి కూడా ఉబ్బింది. గొంతులో ఎవరో ముడి బిగిస్తున్నారు. గోలీల డబ్బా తెరిచాను. అందులో మా అత్త దానమ్మ కూర్చుని ఉంది.

మూడేళ్ల కింద మేడ మీద మిరపకాయలు ఎండబోస్తుంటే ఆమెను కందిరీగ కుట్టింది. "దీవెనా, ఊపిరాడ్తలేదే" అంది బొంగురుగా. "ఇంకో గోలీ ఎయ్, పండుకుంటది" అన్నాడు కొడుకు. ఆ రెండోది నా చేత్తోనే వేశాను. పండుకుంది. మళ్లీ లేవలేదు. "దురదకైతే గోలీ, అదీ చెప్పినంతే. గొంతు వాస్తే సూదిమందే పడాలె. గోలీ ఏసి ఎదురు సూస్తరా అమ్మా?" అంది దవాఖానాలో డాక్టరమ్మ. అప్పటి నుంచి కుక్కర్ కూసినా నాకు ఆ బొంగురు గొంతే వినిపిస్తుంది.

"ఏమే, కూర అయిందా?" హాల్లోంచి క్రిస్టోఫర్.

"ఊపిరాడ్తలేదు."

ఆ గొంతు నాది కాదు. అత్తది.

"అరవకు, గొంతు తగ్గించు. వడ్డించి, గోలీ ఏస్కొని పండు."

పన్నెండేళ్లూ తగ్గించాను. ఇవాళ ఈ గొంతు నేను తగ్గిస్తే తగ్గేది కాదు. డబ్బా మూసి, పొయ్యి ఆర్పి, 108 కొట్టాను.

"పేషెంటు మీకేమైతరమ్మా?"

'అత్త' అని నోటిదాకా వచ్చింది. మింగేసి, మిగిలిన గొంతంతా పెంచి చెప్పాను.

"నేనే."