గిన్నెలో తెలుపు

నాకు బంగారం పిచ్చి లేదు, చీరల పిచ్చి లేదు. పాత నీటిరంగుల బొమ్మలు కొంటాను, అంతే. చుట్టాలు వచ్చి నా గోడలు చూసి, "ఈ పాత క్యాలెండర్లకు పెట్టిన పైసలతోటి పరకాల రోడ్డు మీద రెండు ప్లాట్లు వచ్చు గదా శోభా" అంటారు. అలాంటివాళ్ళకు నేను టీ కూడా పోయను.

హనుమకొండలో కంటి డాక్టరుగా పనిచేస్తూనే నా జుట్టు నెరిసింది. ఈ ఊళ్ళో నా అంత చూపున్న మనిషి ఇంకొకరు లేరని నా గట్టి నమ్మకం.

నేను కొనేవి దొరసానుల బొమ్మలు. నూరేళ్ళ కిందట ఇక్కడికి వచ్చిన మిషన్ దొరసానులు, అధికారుల భార్యలు పొద్దుపోక వేసుకున్న చెరువులు, కోటగోడలు, కుండలు మోసే ఆడవాళ్ళు. వాళ్ళ మునిమనవలు అటకలు ఖాళీ చేసేటప్పుడు అవి వేలానికి వస్తాయి. ఇంగ్లండులో ఏదో చిన్న ఊళ్ళో పాట జరుగుతుంటే, ఇక్కడ క్లినిక్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని నేనూ పాడతాను. "ఆ గొంతుకు సరుకెట్ల ఇస్తాండ్రు మేడం?" అని మా సిస్టర్ రూతు నవ్వుతుంది. రూతు చర్చిలో నిజంగా పాడే మనిషి. వయసులో ఉన్నప్పుడు నా దగ్గర చేరింది, ఇప్పుడు ఆమెకూ కళ్ళద్దాలు వచ్చాయి. నన్ను ఆటపట్టించే హక్కు ఈ భూమ్మీద ఆమెకొక్కదానికే ఉంది.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం, పేషెంట్లు పల్చబడ్డాక, రాబోయే వేలంలోని బొమ్మలు చూస్తూ కుర్చీలోంచి లేచినంత పని చేశాను. "కరువు పిల్ల, హనుమకొండ" అని ఉంది ఒకదాని కింద. మా ఊరి పేరుతో బొమ్మ నేనెప్పుడూ చూడలేదు. ఎనిమిదేళ్ళుంటాయేమో పిల్లకు. ఒంటి మీద నూలుపోగు లేదు. మట్టిగోడకు ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ముందర ఇత్తడి గిన్నె. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నా నోట్లో నీళ్ళూరాయి. అంత బాగా వేసింది ఆ వేసినావిడ.

"రూతూ, ఇటు రా. పనితనమంటే ఏందో చూద్దువు."

రూతు చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తెర మీద వేలు పెట్టింది.

"ఇక్కడ పేరు రాసి ఉన్నది మేడం."

మూలనున్న పెన్సిల్ గీతలను నేను గడ్డి అనుకున్నాను. పెద్దది చేసి చూస్తే వచ్చీరాని తెలుగు అక్షరాలు: చిలుకమ్మ.

రూతు స్టూలు లాక్కుని కూర్చుంది. క్లినిక్‌లో నా ఎదుట ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. "మా బాపు వాళ్ళ నాయినమ్మ పేరు సోమక్క. సోమక్క వాళ్ళ అక్క చిలుకమ్మ" అంది.

పెద్ద కరువులో తల్లీ తండ్రీ దారిలోనే పోతే, అక్కాచెల్లెళ్ళిద్దరూ పరకాల దిక్కు నుంచి నడుచుకుంటూ హనుమకొండ మిషన్‌కు చేరారట. సోమక్కకు అప్పుడు నాలుగేళ్ళు. మిషన్‌లో వచ్చినవాళ్ళందరికీ గంజి పోస్తున్నారు. అక్కడి దొరసాని ఒకావిడ చిలుకమ్మను గోడకు కూర్చోబెట్టి, ముందర గంజి గిన్నె పెట్టి, బొమ్మ గీయడం అయ్యేదాకా కదలొద్దంది. పిల్ల కదలలేదు. దీపాలు పెట్టే వేళకు కూర్చున్నచోటే ప్రాణం పోయింది.

"తానం గూడ పొయ్యలేదట మేడం. ఆ రోజు సచ్చినోళ్ళందర్ని ఒకటే గుంతల ఏసిండ్రట."

సోమక్క బతికింది. మిషన్ బడిలో పెరిగింది, పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది, ముసలిదయింది. బతికినన్నాళ్ళూ గంజి ముట్టలేదు. పోయేముందు మనవడు ఏలియాను, అంటే రూతు తండ్రిని, దగ్గరికి పిలిచి అడిగిందట: "అక్క గిన్నెల గంజి నేను తాగిన్నా బిడ్డా? యాదికి వస్తలేదు. తాగినట్టే అనిపిస్తది." ఆవిడ జవాబు లేకుండానే కన్నుమూసింది, ప్రశ్న మాత్రం ఆయన మెడకు చుట్టుకుంది. ఇప్పటికీ ఆ ఇంట్లో గంజి కాయరు. జ్వరం వస్తే బ్రెడ్డే.

"గిన్నెల గంజి ఉన్నదా మేడం? జర మంచిగ చూసి చెప్పుండ్రి."

చూశాను. తెర మీద గిన్నె లోపల తెల్లగా ఉంది. "పిచ్చిదానా, నీటిరంగుల్లో తెల్లరంగు వెయ్యరు. తెలుపు కావలసినచోట కాగితాన్ని అట్లనే వదిలేస్తరు. ఇదిగో, ఈ వదిలేసిందంతా గంజే. గిన్నె నిండ ఉంది. మీ సోమక్క ముట్టుకోలేదు." క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పాను.

రూతు అక్కడి నుంచే తండ్రికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"డాక్టరమ్మ చూసిందా? ఆమెనే చూసిందా?" అన్నాడు ఏలియా.

"ఆమెనే చూసింది బాపు. నిండ ఉన్నదట."

అవతల నుంచి ఏడుపు వినిపించింది. కాజీపేటలో రైలుపట్టాల మీద ఎండకూ వానకూ పనిచేసి రిటైరైన మనిషి, ఎనభై దాటినవాడు, చిన్నపిల్లవాడిలా ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. నాకు గర్వంగా అనిపించింది.

ఆయనకు రెండు కళ్ళూ లేవు. నీటికాసుల జబ్బుతో పోయాయి. రూతు ఎంత బతిమాలినా పొలం పనులనీ పెళ్ళిళ్ళనీ వాయిదా వేసి, నా దగ్గరికి వచ్చేసరికే ఆలస్యమైంది. "అసలు బొమ్మ వచ్చినంక ఒక్కసారి మా ఇంటికి తెండ్రి మేడం. దగ్గర పెట్టుకుని ఇంకోసారి చూసి చెప్పుండ్రి. ఆయన కండ్లు మీరే గదా" అంది రూతు. తర్వాత బొమ్మ నా గోడకే అన్నాను. సరేనంది.

పాట రోజు ఆమె నా పక్కనే కూర్చుంది. అవతల ఎవడో వదలడం లేదు. కరువు బొమ్మలకు గిరాకీ ఎక్కువ. ఆకలిని గోడకు తగిలించుకుని దాని కింద కూర్చుని భోంచేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు, నేనూ వాళ్ళలో మనిషినే. ఇంతకు మించి పోనని నేను గీసుకున్న గీత దాటిపోయింది. "వద్దు మేడం, మస్తయితాంది" అంటూనే రూతు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకో పాట పాడాను. అవతలివాడు ఆగాడు, సుత్తి పడింది. "దేవునికి స్తోత్రం" అంది రూతు. ఆ రోజు క్లినిక్‌కు వచ్చినవాళ్ళందరికీ చాక్లెట్లు పంచింది.

దసరా దాటాక పార్శిల్ వచ్చింది. సాయంత్రం పేషెంట్లు వెళ్ళాక ఇద్దరం కలిసి విప్పాం. అద్దం తీసి, బొమ్మను లైటు కింద పెట్టి, భూతద్దం కంటికి పెట్టుకున్నాను.

గిన్నె లోపలి తెలుపు గంజి కాదు. ఇత్తడి మెరుపు. దాని కింద సన్నటి కుంచెతో లేతగా ఒక వంపు తిప్పి ఉంది. అది గిన్నె అడుగు. అడుగు మీద వేళ్ళతో తుడుచుకుని తిన్న చారలు. తెర మీద ఇవేవీ కనిపించలేదు. కనిపించలేదని ఊరుకోకుండా, గంజి ఉన్నట్టు చెప్పాను.

బొమ్మ చుట్టూ చట్రంలా అతికించిన అట్ట ఒకటి ఉంది, పురుగు కొట్టి పొడి రాలుతోంది. దాన్ని మెల్లగా ఎత్తాను. అట్ట కింద ఇంకో రెండు వేళ్ళ వెడల్పున బొమ్మ దాగి ఉంది. అక్కడ, గిన్నె అంచు పట్టుకుని, ఒక చిన్న చెయ్యి.

చిలుకమ్మనూ గోడనూ గిన్నెనూ ముందు పెన్సిల్‌తో గీసి, తర్వాత రంగు వేసింది దొరసాని. ఈ చెయ్యి కింద పెన్సిల్ గీత లేదు. మధ్యలో వచ్చింది కాబట్టి నేరుగా కుంచెతోనే వేసేసింది. ఆ చిట్టి వేళ్ళ మీద చుక్కలు చుక్కలుగా కాగితం వదిలింది. గంజి అక్కడుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ అంతా చూసింది. చిన్నది వచ్చి తాగడం చూసింది, పెద్దది కదలకుండా చూస్తూ కూర్చోవడం చూసింది. వేళ్ళ మీద తెలుపు వదలడం గుర్తుంది గానీ, ఇంకో గరిటెడు గంజి పొయ్యాలని తోచలేదు మహాతల్లికి. ఆ పైన, ఆ చెయ్యి అందం చెడగొడుతోందని అట్ట కింద కప్పేసింది. ఆ పనితనాన్నే నేను లొట్టలేసుకుంటూ కొన్నాను.

రూతు నా భుజం మీదుగా చూస్తోంది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

"నాలుగేండ్ల పిల్ల మేడం" అంది. "ఆకలైంది."

"అవును."

"బాపుకు ఏం చెప్తం?"

"నేను చెప్త, పా పోదాం" అన్నాను.

ఆటోలో కాజీపేట దాకా రూతు ఆ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికి వెళ్ళేసరికి ఏలియా గడ్డం గీయించుకుని, తెల్లచొక్కా వేసుకుని, మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"డాక్టరమ్మా, అవ్వను తెచ్చినవా?"

"తెచ్చిన బాపు" అన్నాను.

"చూసినవా? గంజి ఉన్నదా?"

చూపు రాదంటే రాదని పేషెంట్ మొహం మీదే చెప్పే మనిషిని నేను. ఈ ఏలియాకు కూడా అలాగే చెప్పాను ఒకప్పుడు. ఆ నోటితోనే, "ఉంది బాపు. నిండ ఉంది" అన్నాను.

"నువ్వు గూడ చెప్పు రూతూ."

"ఉన్నది బాపు."

ఆయన రెండు చేతులూ పైకెత్తి మనసులోనే ఏదో ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత హుషారుగా అన్నాడు, "ఆదివారం చర్చికి తీస్కపోదాం. మా తమ్ముని పిల్లలందర్ని రమ్మను. పాస్టరయ్యకు చెప్పి అందరి ముంగట పెట్టియ్యాలె. మా నాయినమ్మ తన అక్క గిన్నెల గంజి తాగలేదని నా మనుమలు సుత కండ్లార చూడాలె."

నేనూ రూతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మళ్ళీ అట్ట అతికిస్తే చెయ్యి దాగుతుంది గానీ గిన్నె అడుగు దాగదు. కళ్ళున్నవాళ్ళు చూస్తారు. చూసిందాన్ని ఆయన చెవిన వేసేవాడు ఒకడైనా ఉంటాడు.

రూతు లేచి వంటింట్లోకి వెళ్ళింది. పెద్ద స్టీలు తాంబాళంలో నీళ్ళు తెచ్చి నేల మీద పెట్టింది.

"ఏం చేస్తానవ్ బిడ్డా?"

"అవ్వకు తానం పోస్త బాపు. అప్పుడు పొయ్యలేదు గదా. చర్చికి తీస్కపొయ్యే ముందు పొయ్యాలె గదా."

"పొయ్యి బిడ్డా, పొయ్యి. నూరేండ్లాయె. ఎంత దుమ్ము పట్టిందో ఏమో."

బొమ్మలున్న గదిలో కూలర్ పెట్టించినందుకే నేను రూతును ఒకసారి చెడామడా తిట్టాను. నీటిరంగులకు నీళ్ళు తగిలితే ఏమవుతుందో ఆమె నా నోటి నుంచే నేర్చుకుంది. ఇప్పుడు బొమ్మను రెండు చేతుల్లో పట్టుకుని, తాంబాళం మీద ఆపి, నా వైపు చూస్తోంది. బొమ్మ నాది. వద్దంటే ఆగుతుంది.

"చన్నీళ్ళకు తొందరగ పోదు రూతూ. వేడినీళ్ళు కలుపు" అన్నాను.

మొదట చెయ్యి పోయింది. కింద పెన్సిల్ లేదు కాబట్టి దాని తాలూకు ఏమీ మిగల్లేదు. తర్వాత గిన్నె అడుగు, దాని మీది చారలు. రూతు దూది ముంచి పిల్ల ఒంటిని మెల్లగా తుడిచింది, ఆపరేషన్ అయిన కన్ను తుడిచినట్టు. ఎముకలన్నీ రంగులోనే ఉన్నాయి, ఒక్కొక్కటే కరిగిపోయాయి. నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. నీళ్ళ చప్పుడు వింటూ ఏలియా చేతులు జోడించుకుని కూర్చున్నాడు. నేను ఏడ్చాను. పిల్ల కోసం ఏడ్చాను, ఆ పనితనం కోసమూ ఏడ్చాను, అబద్ధమెందుకు.

చివరికి మరకలు పట్టిన కాగితం మీద పెన్సిల్ గీతలు మిగిలాయి. మోకాళ్ళు ముడుచుకున్న పిల్ల, ముందర గిన్నె, మూలన పేరు. ఆ గీతల్లో ఆకలి లేదు. ఎవరింటి పిల్లయినా అన్నం కోసం అలా కూర్చోవచ్చు.

"ఇప్పుడెట్లున్నది?" అన్నాడు ఏలియా.

"తెల్లగుంది బాపు. గిన్నె నిండ తెల్లగుంది."

ఆయన తృప్తిగా తల ఊపాడు. "రూతూ, ఇయ్యాల గంజి కాయి బిడ్డా. ఇగ మనింట్ల తాగొచ్చు."

ఆ ఇంట్లో పుట్టి పెరిగిన రూతుకు గంజి కాయడం రాదు. నేను పక్కన నిలబడి చెప్పాను. బియ్యం మెత్తగా ఉడికించి, ఉప్పు వేసి, మూడు గిన్నెల్లో పోసుకొచ్చింది. ఏలియా రెండు చేతులా గిన్నె ఎత్తి, గుటక గుటకకూ ఆగుతూ అడుగంటా తాగాడు. తర్వాత వేళ్ళతో గిన్నె తుడిచి, ఆ వేళ్ళు నాకాడు. రూతు ఆ వేళ్ళ వంకే చూస్తోంది.

"మీరు గూడ తాగుండ్రి, సల్లారిపోతది" అన్నాడాయన.

"తాగుతానం బాపు" అంది రూతు.

మా గిన్నెలు రెండూ మా ముందర నిండుగా అలాగే ఉన్నాయి.