బ్యాటరీ కనీస బరువు

సుగెంగ్ చేత సంతకం పెట్టించుకోవడానికి పాక్ హర్తోనో ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో టైల్స్ గోదాముకి అతను సూపర్‌వైజరు. ఇక్కడ మగవాళ్లని గౌరవంగా పాక్ అని, ఆడవాళ్లని బూ అని పిలుస్తాం. నా భర్త సుగెంగ్ ఆ గోదాములో ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. గురువారం బరువు ఎత్తుతుంటే బండి వెనక చక్రాలు గాల్లోకి లేచాయి. బండి వెనక ఎక్కి నిలబడ్డ తోటి పనివాడు దార్తో కింద పడ్డాడు. బండి తిరిగి అతని కాలి మీదికే దిగింది.

"ఏం లేదు సుగెంగ్, చిన్న కాగితం. 'సామర్థ్యానికి మించి ఎత్తాను' అని. లైసెన్సు ఆర్నెల్లు ఆపుతారంతే."

"ఎంత ఎత్తావు, మాస్?" అన్నాను సుగెంగ్‌తో. భర్తని మేం మాస్ అనే పిలుస్తాం.

"పంతొమ్మిది వందల కిలోలు."

"బండి ఎంత ఎత్తుతుంది?"

"రెండున్నర టన్నులు."

"మరి మించిందెక్కడ, పాక్?"

హర్తోనో నవ్వాడు. "ఫోర్కుల చివర పెట్టుంటాడు, బూ. బరువు దూరం జరిగితే బండికి బలం తగ్గుద్ది. ఇవన్నీ ఇంజినీర్ల లెక్కలు. మీరు కాఫీ సంగతి చూడండి."

కాఫీ సంగతి చూడలేదు. బండికి బిగించిన రేకు ఫోటో సుగెంగ్ ఫోన్లో ఉంటే తీసి చదివాను. బరువు మధ్యభాగం ఫోర్కుల మొదలు నుంచి అర మీటరు లోపు ఉండాలి. మూడు మీటర్ల ఎత్తు దాకా రెండున్నర టన్నులు. సుగెంగ్ టైల్స్ పేర్చిన చెక్క పలకని ఫోర్కుల మొదలుకి ఆనించే పెట్టాడు, ఎత్తింది ఒక మీటరే. కింద మరో వరుస ఉంది: బ్యాటరీ కనీస బరువు, తొమ్మిది వందల అరవై కిలోలు.

"లెబారన్ పండగ తర్వాత పెట్టిన కొత్త బ్యాటరీ ఎంతుంటుంది?"

హర్తోనో చూపు గుమ్మం వైపు పోయింది. సుగెంగే చెప్పాడు. "నాలుగొందల పది. లిథియం. తొందరగా చార్జవుద్దని తెచ్చారు."

"ముందు ఎత్తే బరువుకి వెనక తూకం ఆ బ్యాటరీయే కదా! తక్కెడలో ఒక పక్క రాళ్లు తీసేసి, రెండో పక్క ఎందుకు వాలిందని కూరలమ్మే మనిషిని అడుగుతారా?"

"గొంతు తగ్గించండి, బూ."

తగ్గించలేదు. కానీ నా కోపం అతని దగ్గరే ఆగలేదు.

"అసలు దార్తో వెనక ఎందుకెక్కాడు?"

సుగెంగ్ తల దించుకున్నాడు. వెనక తేలికైనప్పటి నుంచి ఎవరో ఒకరు ఎక్కి నిలబడడం అలవాటైందట. దార్తో లావు మనిషి, అందుకని ఎప్పుడూ అతన్నే పిలిచేవాళ్లు. పేరు కూడా పెట్టారు, 'రెండో బ్యాటరీ' అని. అందరూ నవ్వేవాళ్లట. దార్తో కూడా.

"మనిషిని రాయిలా వాడుకున్నారు. పైగా నవ్వులా? నువ్వు కూడానా, మాస్?"

అతను కలం తీసుకున్నాడు. సంతకం పెట్టేస్తాడనుకున్నాను. ఉన్న వాక్యం కొట్టేసి, కింద నెమ్మదిగా రాశాడు: 'బ్యాటరీ ఐదు వందల యాభై కిలోలు తక్కువ. మూడుసార్లు చెప్పాను, వినలేదు. దార్తోని వెనక ఎక్కమన్నది నేనే.'

చివరి మాట ఎందుకని నా నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"ఇది చెల్లదు. లైసెన్సే కాదు, ఉద్యోగం కూడా పోద్ది," అన్నాడు హర్తోనో, లేస్తూ.

"పోనివ్వండి, పాక్. ఈ కాగితం మీకివ్వను," అన్నాడు సుగెంగ్. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని చెప్పులేసుకున్నాడు. "ఆస్పత్రికెళ్తున్నా. ముందు దార్తో చదవాలి."