కుడి చెంప గాయం

మనీషా మూడేళ్లుగా పగలంతా గాయాల గురించే చదువుతోంది. బుగ్గారంలో తమ ఇంటి ముందుగదిలో లాప్‌టాప్ పెట్టుకుని, అమెరికా ఆసుపత్రుల కేసు కాగితాలు చూసి, ఒక్కో దెబ్బకు ఒక్కో కోడ్ వేయడం ఆమె ఉద్యోగం. ముఖం మీద తెగిన గాయాలే ఆమె వంతుకు ఎక్కువగా వచ్చేవి. నుదురా, పెదవా, చెంపా? చెంపైతే కుడివైపా, ఎడమవైపా? ఎంత పొడవు, ఎంత లోతు, ఎన్ని కుట్లు? డాక్టర్ రాసిందే లెక్క, రాయనిది జరగనట్టే. ఇన్ని చదివినా, కుట్లు పడ్డ ముఖాన్ని ఆమె ఎన్నడూ దగ్గరగా చూడలేదు.

మొదటిసారి చూసింది తండ్రి ముఖం మీదే.

జలపతి దుబాయ్‌లో బిల్డింగు పనులు చేసేవాడు. స్నానాల గదిలో జారిపడి అక్కడికక్కడే పోయాడని కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పద్దెనిమిది రోజులకు పెట్టె వచ్చింది. అక్కడ అతనితో ఒకే గదిలో ఉండే వీర్నపల్లి కుర్రాడు మహేందర్ సెలవు పెట్టి వెంట వచ్చాడు. మూత తీయగానే తల్లి లింగవ్వ భర్త ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. కుడి చెవి దగ్గర నుంచి దవడ దాకా గీత కనిపించింది.

“గీ గాటేంది కొడుకా?”

“పడ్డప్పుడు తాకింది చిన్నమ్మా,” అన్నాడు మహేందర్, ఎటో చూస్తూ.

ఆ గీతకు రెండు వైపులా సన్నటి చుక్కలు ఉండటం మనీషా చూసింది. అవి కుట్లు విప్పిన గుర్తులని ఆ ఏడుపులో ఆమెకు తట్టలేదు.

పదకొండో రోజు దాటాక కంపెనీ పంపిన కవరు విప్పింది. పాస్‌పోర్టు, మరణ పత్రం, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన దవాఖానా కాగితం. దుబాయ్‌లోనూ అవే కోడ్‌లు వాడతారు; అడుగున కుడి చెంప కోతకు తాను రోజూ కొట్టే కోడే ఉంది. చివర ‘డి’ అనే అక్షరం ఉంది. కొత్త గాయానికి వైద్యం చేస్తున్నప్పుడు అక్కడ ‘ఎ’ వేస్తారు. మానుతున్న గాయాన్ని చూపించుకోవడానికి మళ్లీ వస్తే ‘డి’ వేస్తారు. కుట్లు విప్పినట్టు రాసి ఉంది. పైన తేదీ చూసింది. జలపతి చనిపోయిన రోజుకు మూడు రోజుల ముందుది.

జారిపడ్డ రోజు తగిలిన దెబ్బకు మూడు రోజుల ముందే కుట్లు ఎవరు విప్పారు?

అప్పుడు గుర్తొచ్చింది. చివరి పది రోజులు బాపు వీడియోలో మాట్లాడలేదు. “కెమెరా కరాబైంది బిడ్డా” అనేవాడు.

తల్లికి ఏమీ చెప్పకుండా జగిత్యాల బస్సెక్కింది. అక్కడి నుంచి సిరిసిల్ల, సిరిసిల్ల నుంచి ఆటోలో వీర్నపల్లి. మహేందర్ ఇంటి వాకిట్లోనే ఉన్నాడు. ఆమె చేతిలో కాగితం చూడగానే అరుగు మీద కూర్చుండిపోయాడు.

“పై అంతస్తు కెల్లి ఇనుప రేకు పడ్డది చెల్లె. తలకు తాకి, చెంప చీరుకుంట పోయింది. కుట్లేసిండ్రు. మూడో దినమే పనికి తోలిండ్రు. నొప్పికి తల పలుగుతుందిరా అంటుండె జలపతి కాక. పండుకుంటె ఎక్కువైతుందని గోడకు ఒరిగి కూసునేది.”

“మరి కుట్లు విప్పేటప్పుడు డాక్టరుకు చెప్పలేదా అన్నా?”



“డాక్టరుకు ఇంగ్లీషు తప్ప ఏం రాదు. నేను డిగ్రీ సదివిన గద, నన్నే వెంట తోలిండ్రు. నొప్పేమన్న ఉందా అని అడిగిండు. కాక నా దిక్కు సూసి, తల సంగతి చెప్పురా అన్నడు. ఫోర్‌మన్ నా పక్కకే నిలవడ్డడు. కేసు పెద్దగ జేస్తె నీకు సెలవు లేదని ముందుగాలనే బెదిరిచ్చిండు. నేను... నొప్పి లేదట అని చెప్పిన.”

మనీషా కాగితం కేసి చూసింది. ‘నొప్పి లేదని రోగి చెప్పాడు’ అని ఇంగ్లీషులో ఒక్క లైను. ఇంటి దగ్గర రెండుసార్లు చదివి దాటేసింది దాన్ని.

“కాకకు తెల్వదు చెల్లె,” అన్నాడు మహేందర్. “నేను చెప్పిన్ననే అనుకున్నడు. బయటకచ్చినంక, గోలీలు ఏమన్న రాసిండా అని అడిగిండు. మూడొద్దులకు పొద్దుగాల స్నానానికి పోయి పడిపోయిండు.”

అతన్ని కొట్టాలనిపించింది మనీషాకు. చేయి లేవలేదు. లోపలి నుంచి అతని తల్లి దేవవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. “దుబాయ్ కెల్లి అచ్చిన కాంచి వీడు బువ్వ సక్కగ తింటలేడు బిడ్డా. జర నువ్వన్న చెప్పు,” అంది.

ఆ సాయంత్రం తల్లికి అంతా చెప్పింది. లింగవ్వ అడ్డుతగలకుండా విన్నది.

“మొఖం సూపియ్యమంటె సూపియ్యలే,” అంది చివరికి. “నా మీద మనసు లేదానయ్యా అని గులిగిన. కోపంల రెండొద్దులు ఫోనెత్తలే. గప్పుడు తల నొస్తుండె గావచ్చు.” ఆ మాటతో కొంగు నోట్లో కుక్కుకుంది.

కంపెనీ మీద విచారణ కోరుతూ మనీషా జరిగినదంతా తేదీలతో సహా దరఖాస్తుగా రాసింది. వచ్చే సోమవారం జగిత్యాల కలెక్టరాఫీసులో ఇద్దామని నిశ్చయించుకుంది. సాక్షిగా సంతకం పెడతావా అని ఫోన్‌లో అడిగితే, మహేందర్ మర్నాడే బుగ్గారం వచ్చాడు. ఆ సంతకంతో ఇక ఆ కంపెనీ గడప తొక్కలేనని అతనికి తెలుసు. రాసింది మొత్తం చదివాడు. తాను అబద్ధం చెప్పిన లైను దగ్గర ఆగాడు. దాన్ని తీసేయమని అడగలేదు. కింద పేరు రాశాడు.

లేచి లింగవ్వ కాళ్ల మీద పడబోతే ఆమె వెనక్కి జరిగింది.

“నిన్ను తిట్ట కొడుకా. నీ భయం నీది,” అంది. “గని ఇంక నా ముంగటికి రాకు. నిన్ను సూస్తె, నువ్వు చెప్పినవని నమ్మిన ఆయన మొఖమే యాదికస్తది.”

మహేందర్ తల ఊపి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. బస్టాండు దాకా మనీషా వెంట వెళ్లింది.

దరఖాస్తు ఇచ్చి ఏడు నెలలైంది. పై ఆఫీసుకు పంపామన్న ఒక్క ముక్క తప్ప జవాబు లేదు. మహేందర్ మళ్లీ దుబాయ్ పోలేదు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పని చేస్తున్నాడు. అక్కడి చప్పుడుకు ఎవరి మాటా వినపడదట.