రేకుల మీద వాన, కింద ఆమెన్

రేకుల మీద వాన.

మొదట నాలుగు చినుకులు... ఎవరో పైనుంచి గుప్పెడు గింజలు విసిరినట్టు. ఆ తర్వాత ఒక్కసారిగా కుండపోత. వేలమంది పట్టే హాలు అది. కప్పంతా ఇనప రేకులే. వాన అందుకుందంటే పక్కవాళ్ళ దగ్గు కూడా వినిపించదు.

వేదిక మీద నాన్నగారి పెదవులు కదులుతున్నాయి. ఆ చర్చి పాస్టరును అందరూ అలాగే పిలుస్తారు. తల నెరిసినవాళ్ళు కూడా నలభై ఏళ్ళ ఆ మనిషిని నాన్నగారనే అంటారు. ఆయన చేయి లేస్తోంది, దిగుతోంది. మైకులున్నాయి, నిలువెత్తు స్పీకర్లున్నాయి. వాన ముందు అవేవీ నిలవలేదు.

ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

అయినా ఆయన చేయి లేచిన ప్రతిసారీ హాలంతా ఒక్క గొంతుతో అంది —

ఆమెన్.

చివరి వరుసలో కూర్చున్న ఒకామె, పక్కనున్న పెద్దాయన చెవి దగ్గరికి వంగింది.

"ఏమన్నారండీ?"

"వినబడలేదమ్మా," అన్నాడాయన హాయిగా నవ్వుతూ. "మంచి మాటే అయ్యుంటుంది."

ఆమె ప్రార్థనకు రాలేదు. చూడటానికి వచ్చింది.

ఇక్కడ మనుషుల్ని లోబరుచుకుంటున్నారనీ, సొంతవాళ్ళ నుంచి విడదీస్తున్నారనీ, చర్చిలన్నిటినీ చూసుకునే పై సంఘానికి ఫిర్యాదు వెళ్ళింది. నిజమెంతో తేల్చమని ఆమెను పంపారు. అదే ఆమె పని. ఇళ్ళలో, హాస్టళ్ళలో, ఫ్యాక్టరీల్లో... ఎవరి మెడలు ఎవరు ఎలా వంచుతున్నారో చూసి చెప్పడం. ఎక్కడికి వెళ్ళినా ముందు తాళం ఎక్కడుందో వెతుకుతుంది.

ఇక్కడ తాళం లేదు.

గేటు బార్లా తీసే ఉంటుంది. వాచ్‌మన్ కూడా వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ ఒకేలా నవ్వుతాడు.

ఫిర్యాదు చేసింది ఒక టైలరమ్మ. విచారణకు వచ్చిన ఆమె ముందుగా కలిసింది ఆవిడనే, ఆస్పత్రి వార్డులో. తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఇద్దరూ కలిసే ఈ చర్చిలో చేరారు. కొన్నాళ్ళకు అక్క ఏదో అడిగింది, జవాబు నచ్చక బయటికొచ్చేసింది. చెల్లెలు లోపలే ఉండిపోయింది. ఆ రోజు నుంచీ మాటల్లేవు. ఇప్పుడు అక్కకు కడుపులో గడ్డ. శుక్రవారం ఆపరేషన్. గట్టి నమ్మకం ఇవ్వలేమని డాక్టర్లు ముందే చెప్పేశారు.

"దాన్ని లాక్కురావద్దండీ," అంది టైలరమ్మ. "అటు వాళ్ళు లాగి, ఇటు నేను లాగి... ఆ పిల్లలో ఏం మిగల్లేదు. తనంతట తాను, ఎవర్నీ అడక్కుండా, ఒక్కసారి ఆ గేటు దాటి నా దగ్గరికి రాగలదేమో చూడండి. వచ్చిందా, ఫిర్యాదు వెనక్కి తీసేసుకుంటాను."

"రాలేకపోతే?"

టైలరమ్మ దుప్పటి అంచు కేసి చూసింది. కుట్టు వదులైంది. గోటితో సర్దింది.

"ఆ గేటుకు తాళం లేదండీ. అదే నా భయం."

హాలు వెనక ఒక చిన్న గది. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన ప్లాస్టిక్ కుర్చీలు, దుమ్ముపట్టిన కాగితపు పూలు, మూలన గుడ్డ కప్పిన డ్రమ్ములు. అక్కడే మాట్లాడతానంది ఆమె. ఒక్కొక్కరితో, తలుపు మూసి, ఎవరూ పక్కన లేకుండా. నాన్నగారు వెంటనే ఒప్పుకున్నారు. తన చేత్తో టీ పోసిచ్చారు.

"ఏదైనా అడగండమ్మా. దాచడానికి మా దగ్గర ఏముంది?"

నటన కాదు. ఆయన నిజంగానే అలా నమ్ముతున్నాడు. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట పట్టుబడేది. దీన్ని ఎక్కడని పట్టుకుంటుంది?

ఇక్కడ ప్రతి మనిషికీ ఒక తోడు ఉంటుంది. ఎవరికి ఎవరు తోడో నాన్నగారే కుదురుస్తారు. రోజూ సాయంత్రం తోడు ముందు కూర్చుని, ఆ రోజు మనసులో మెదిలిందల్లా చెప్పాలి. ఉద్యోగం మారాలన్నా తోడును అడగాలి, ఫ్రిజ్ కొనాలన్నా తోడును అడగాలి. ఆ తోడు తన తోడును అడుగుతుంది. అడుగుతూ అడుగుతూ మాట పైకి పోతుంది... వేదిక దాకా.

"మా ఆవిడకు చెప్పనివి కూడా తోడుకు చెబుతానండీ," అన్నాడు బ్యాంకు ఉద్యోగి మురిసిపోతూ. "మా ఆవిడా అంతే."

ఆ ఇద్దరూ ఇంట్లో ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటారో దేవుడికే తెలియాలి.

ఎవరైనా బలవంతం చేశారా? అయ్యో, లేదండీ. శాంతిగా ఉంది, అంది నర్సు.

ఎవరైనా భయపెట్టారా? అబ్బే. శాంతిగా ఉంది, అన్నాడు ఎలక్ట్రీషియన్.

శాంతిగా ఉంది. శాంతిగా ఉంది... ఆ గదిలో అంత శాంతి విని ఆమెకు తలనొప్పి పట్టుకుంది.

చివరికి చెల్లెలు వచ్చింది.

చర్చిలో ఆ చెల్లెలి పేరు పాటల పిల్ల. ఆదివారం మొదటి గొంతు ఆ పిల్లదే. కుర్చీ అంచున కూర్చుని, మూసిన తలుపు వంక చాలాసేపు చూసింది.

"పక్కన తోడు లేకుండా కూర్చోవడం... ఎలాగో ఉందండీ."

ఆమె టీ కప్పు కొంచెం ముందుకు జరిపింది.

"మా అక్క ఎలా ఉంది?"

శుక్రవారం ఆపరేషన్ అని ఆమె చెప్పింది. ఆ మాటతో కట్ట తెగింది. బజార్లో అక్క ఎదురుపడితే తనే తల వంచుకుని వెళ్ళిపోయిందట. అక్క చీర అంచు ఊడి వేలాడుతోందట. ఊళ్ళోవాళ్ళందరికీ కుట్టిపెట్టే మనిషి తనది కుట్టుకోలేదంటే... పాటల పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

"వెళ్ళొద్దని నాన్నగారు అన్నారా?"

"లేదండీ. ఏ రోజూ వద్దనలేదు. నీ ఇష్టం తల్లీ, నీకు లోపల శాంతిగా అనిపిస్తే వెళ్ళు అన్నారు. నాకు శాంతిగా లేదు. అక్క అలా ఉంటే ఎలా ఉంటుందండీ? శాంతిగా లేదు కదా అని... వెళ్ళలేదు."

చాలా ఏళ్ళుగా చేస్తున్న పనిలో ఇంత సన్నటి తాడును ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడూ శాంతిగా లేదు." పాటల పిల్ల ముక్కు తుడుచుకుంది. "అయినా వెళ్తాను."

అనేసి, ఆ మాట ఎవరన్నారా అన్నట్టు తనే ఉలిక్కిపడి నవ్వింది.

గురువారం పాటల సాధన అయ్యాక గేటు దగ్గర. ఆమె కారుతో వస్తుంది. ఈ గదిలో మాట ఈ గది దాటదు. నేను ఎవరికీ చెప్పను, అని ఆమె మాట ఇచ్చింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా. పై సంఘానికి చెప్పలేదు, నాన్నగారికి చెప్పలేదు, ఇంట్లో భర్తకు సైతం చెప్పలేదు. అన్ని నోళ్ళూ మూసింది.

గురువారం ఆకాశం మబ్బు పట్టింది. చినుకు లేదు.

లోపల పాట ఆగింది. జనం చెప్పులు వెతుక్కుంటూ బయటికొచ్చారు. వాళ్ళ వెనక పాటల పిల్ల. అడుగులో అడుగు వేస్తూ, గేటు వైపే. ఆమె కారు తలుపు తెరిచింది.

పిల్ల పక్కన ఇంకొకావిడ. చేతిలో చెయ్యి.

తోడు.

"తోడుకు చెప్పేశానండీ," అంది పాటల పిల్ల. ముఖం కడిగినట్టు తేటగా ఉంది.

"ఎవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను. దాచుకుంటే రెండు రోజులు ముద్ద దిగలేదండీ. నాన్నగారు ఒక్క మాట కూడా అనలేదు. ఏడ్చారు... నా కోసం. ముందు మనసు శుభ్రం చేసుకో, తర్వాత తప్పకుండా వెళ్దువుగాని అన్నారు. ఆదివారం అందరి ముందూ నా తప్పు ఒప్పుకుని సాక్ష్యం చెబుతున్నాను."

"ఆపరేషన్ రేపు."

పాటల పిల్ల తోడు ముఖంలోకి చూసింది. జవాబు అక్కడుంటుందన్నట్టు.

"ప్రార్థన చేస్తున్నామండీ," అంది తోడు. మంచి మనిషి. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

గేటు బార్లా తీసే ఉంది.

ఆమె అన్ని నోళ్ళూ మూసింది — ఈ పిల్ల నోరు తప్ప. దాన్ని మూయాలని తోచనే లేదు. తోచినా ఎలా మూస్తుంది? దాచుకోవడమంటే ఏమిటో మరిచిపోయిన మనిషికి, నీ రహస్యం భద్రం అని మాట ఇచ్చింది.

రెక్క పట్టుకుని కారెక్కిస్తే? చెయ్యి సగం లేచింది కూడా. లాక్కురావద్దండీ... చెయ్యి దించేసింది. కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. కారు ఖాళీగా తిరిగి వెళ్ళింది.

శుక్రవారం స్ట్రెచర్ కదులుతుంటే టైలరమ్మ తల తిప్పింది.

"వచ్చిందా?"

"గేటు దాకా వచ్చింది."

"ఒక్కత్తేనా?"

ఆమె స్ట్రెచర్ మీది దుప్పటి అంచు సర్దింది. టైలరమ్మ కళ్ళు మూసుకుంది. ఆపరేషన్ అయింది గానీ, ఆ కళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు. గుండె కొట్టుకుంటోంది, అంతే, అన్నారు డాక్టర్లు.

"వద్దన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?" అని ఫోన్లో అడిగారు పై సంఘం పెద్దలు. "కొట్టినవాళ్ళు? తాళం వేసినవాళ్ళు?"

"ఎవరూ లేరు."

"మరింకేం?" అన్నారు.

ఆదివారం మళ్ళీ వాన.

ఆమె చివరి వరుసలోనే కూర్చుంది. పక్కన అదే పెద్దాయన. వేదిక మీద పాటల పిల్ల, చేతిలో మైకు, పక్కన తోడు, వెనక నాన్నగారు. పెదవులు కదులుతున్నాయి. నాన్నగారి చేయి లేచింది. ఆమెన్. మళ్ళీ లేచింది. ఆమెన్.

ఉన్నట్టుండి పాటల పిల్ల తల ఎత్తింది. ఇంత హాలు మీదుగా, తెరిచి ఉన్న తలుపుల కేసి, వాన కేసి చూసింది. పెదవులు గబగబా కదిలాయి. తోడు చెయ్యి విదిలించుకున్నట్టుంది... లేక మైకు చెయ్యి మార్చుకుందో. మెడ నరాలు ఉబ్బాయి. అరుస్తోంది. ఆ పిల్ల ఏదో అరుస్తోంది.

ఆమె లేచి నిలబడింది. చెవులు రిక్కించింది.

వాన.

"ఏమందమ్మా?" అన్నాడు పెద్దాయన ఆమె చెంగు లాగి.

నాన్నగారి చేయి లేచింది. నెమ్మదిగా, ఎంతో ప్రేమగా. వేల గొంతులు ఒక్కటయ్యాయి. ఆ మాట ఆమె ఛాతీకి తగిలి, గొంతు దాకా వచ్చి...

తన పెదవులు కూడా కదిలాయని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

రేకుల మీద వాన.