సరస్సులో పోయిన అరగంట

మొదట్లో తాళ్ల వ్యాపారి పైలి చేతిలో ఉన్నవి రెండు. కొబ్బరి నారతాడును వేళ్ల మధ్య తిప్పి ఏ ఊళ్లో పేనారో చెప్పగల ముప్పై ఏళ్ల నేర్పు ఒకటి, వేంబనాడు సరస్సును చూస్తే వణికే ఒళ్లు మరొకటి. ఆ రెండోది నెల కిందట, తనెక్కిన సరుకు పడవ తిరగబడ్డాక వచ్చి చేరింది. రేవు మెట్లు దిగితే చాలు, గుండె దడదడలాడేది, చొక్కా చెమటకు తడిసిపోయేది. అవతలి ఒడ్డున వైక్కంలో తాడు పేనే ఆడవాళ్లు, శనివారంలోగా రాకపోతే సరుకు ఇంకొకరికి ఇచ్చేస్తామని కబురు పెట్టారు. అది పోతే పైలికి వ్యాపారమే లేదు.

కషాయం కోసం ఖాళీ సీసాతో నాణు వైద్యర్ దగ్గరికి వెళ్లాడు. వైద్యర్ నాడి పట్టి, ఆకలీ నిద్రా అడిగి, సీసా పక్కకు జరిపాడు.

“ఒంట్లో దోషం లేదు పైలీ. మనసుకు మాటే మందు. ఆ రోజు సంగతి చెప్పు.”

“మాటలకైతే మా ఆవిడ చాలదా వైద్యరే?”

“ఆవిడ నిన్ను మాట్లాడనిస్తుందా?”

పైలి చెప్పాడు. గాలి లేచింది. పడవ తిరగబడింది. నోట్లోకి నీళ్లు. తర్వాత ఒడ్డు, అప్పటికి అరగంట గడిచిందట.

“నీళ్లకీ ఒడ్డుకీ మధ్య?”

“ఏముంటుంది? ఏమీ లేదు.”

“మూరెడు తాడు తగ్గితే ఊరుకోవు. అరగంట పోతే అడగవేం?”

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోనాడు వైద్యర్ అతన్ని కళ్లు మూసుకోమని, తడిసిన తాడు కట్ట చేతుల్లో పెట్టాడు.

“ఎక్కడిదో చెప్పు.”

“వైక్కం సరుకు. పురి బిగువుగా...” పైలి ఆగిపోయాడు. “మోపు పట్టుకున్నాను వైద్యరే! తేలుతున్న తాళ్ల మోపు. అటు కొసన కొచ్చప్పి...”

ఆ రోజు పడవ నడిపిన కొచ్చప్పి, పైలికి తోడుగా వచ్చి, బయట అరుగు మీదే ఉన్నాడు. వైద్యర్ అతన్ని లోపలికి పిలిచి ఆ రోజు సంగతి అడిగాడు.

“మరిచిపోయారా అచ్చాయా?” అన్నాడు కొచ్చప్పి పైలితో. “నా జుట్టు పట్టి పైకి లాగారు. నేను ఏడుస్తుంటే, ‘ఏడుపు ఆపి తేలే మోపులు లెక్కపెట్టరా వెధవా’ అని తిట్టారు. గడ్డం దాకా నీళ్లు! పదకొండు దాకా లెక్కపెట్టించారు.”

సాయంత్రపు ఎండకు ఎర్రబడిన నీళ్లు, తలమీదుగా వెళ్లిన కొంగల బారు, నింపాదిగా తిడుతున్న తన గొంతు, అన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి. తన బతుకులోకెల్లా ధైర్యంగా ఉన్న ఆ కాసేపటినే మనసు దాచేసి, నెల రోజులుగా భయాన్ని మాత్రం చూపిస్తూ వచ్చింది.

“అలా లెక్కపెట్టించిన మనిషి ఎటు పోయాడు?” అన్నాడు వైద్యర్.

“ఎటూ పోలేదు,” అన్నాడు పైలి, తన చేతులు తనే వింతగా చూసుకుంటూ.

శనివారం రేవులో గుండె మళ్లీ కొట్టుకుంది. కొట్టుకోనీ అనుకుని పడవెక్కాడు. నడి సరస్సులో ఆ దడ తనంతట తనే నెమ్మదించింది.

లెక్క తేల్చి చూస్తే దక్కినవి ఇవి: వైక్కం సరుకు, పడవ దారి, యాభై రెండేళ్లు తనలోనే ఉన్నా ఎరగని ఒక మనిషి.